గాలము – ఎర – చెరువు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదేని యొక చారిత్రక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినప్పుడు, నేను రాజుల దండయాత్రలను గూర్చియో, దేవాలయ శాసనములను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. అట్టివి వ్రాయుటకు నాకంటె సమర్థులు పెక్కుమంది కలరు. నేను జమాఖర్చులు వ్రాయువాడను. సంస్కృతమును గురుముఖమున గాక నిఘంటువు చేతబట్టుకొని నేర్చినవాడను. కావున మన చెరువుగట్టుమీద పిల్లలు చేతబట్టు గాలపుకర్రకు గల చరిత్రను విన్నవించెదను. విషయము అల్పముగా తోచవచ్చును. కాని దీనిని గూర్చి ఒక చక్రవర్తి సంస్కృత శ్లోకములు వ్రాసియున్నాడని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యము చదువరులకును కలుగునని నా నమ్మకము.

గాలమునకు సంస్కృతమున బడిశమని పేరు. మహాభారతము ఉద్యోగపర్వమునందు విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, మంచి ఆహారమున దాగిన ఇనుప గాలమును చేప లోభముచే మ్రింగును గాని తరువాత రాబోవు దానిని తలపదని హెచ్చరించినాడు. ఉపమానము వినువానికి తెలిసిన వస్తువుతోనే చెప్పవలెను. హస్తినాపురపు రాజునకు ఈ పోలిక చెప్పిన కవి కాలమునకే ఇనుప గాలమును, దానిని కప్పు ఎరయును జనులెల్లరు ఎరిగినవై యుండెనని దీనివలన గ్రహింపవచ్చును.

చేపలను పట్టుటకు హద్దు విధించిన ప్రభువు కూడ మన దేశమున ప్రాచీనకాలముననే కలడు. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమైన 26 సంవత్సరములకు చెక్కించిన ఐదవ స్తంభశాసనమున కొన్ని జాతుల చేపలను చంపరాదనియు, కొన్ని పర్వదినములలో ఏ చేపను గాని చంపరాదు, అమ్మరాదనియు ఆజ్ఞాపించెను. ఆ దినములలో జాలరుల మడుగులలో సైతము ప్రాణిహింస కూడదని అందు కలదు. వేట చరిత్రతోపాటు నిగ్రహ చరిత్రయు నడచుచు వచ్చినదని చెప్పుటకు ఇది మొదటి సాక్ష్యము.

ఇక నేను చెప్పదలచిన చక్రవర్తి కల్యాణి చాళుక్య వంశీయుడగు మూడవ సోమేశ్వరుడు. భూలోకమల్లుడు, సర్వజ్ఞుడు అని ఇతని బిరుదములు. కల్యాణి యనగా నేటి కర్ణాటక రాష్ట్రము బీదరు జిల్లాలోని బసవకల్యాణము. ఇతని తండ్రి ఆరవ విక్రమాదిత్యుడు. తెలంగాణ ప్రాంతము చాలవరకు నాడు ఆ చాళుక్యుల యేలుబడిలో నుండెను. ఓరుగల్లు కాకతీయులు అప్పటికింకను వారి సామంతులే. కావున ఇతడు మనకు పరాయి రాజు కాడు.

సోమేశ్వరుడు 1130 ప్రాంతమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. దీనికే అభిలషితార్థచింతామణి యని నామాంతరము. ఐదు వింశతులు, ఒక్కొక్క వింశతికి ఇరువది అధ్యాయములు, వెరసి నూరు అధ్యాయములు. రాజ్యము సంపాదించుట మొదలు వంటకములు, ఆభరణములు, ఏనుగులు, సంగీతము వరకు ఇందు లేని విషయము లేదు. వినోదములను గూర్చిన భాగములో మత్స్యవినోదమని ఒక ప్రకరణమున్నది. బరోడా గైక్వాడు ప్రాచ్య గ్రంథమాలలో ఈ గ్రంథపు మొదటి సంపుటము 1925లో అచ్చయినది. భారత జంతుశాస్త్ర పరిశోధన సంస్థకు అధిపతిగా నుండిన సుందరలాల్ హోరాగారు ఈ మత్స్యవినోద ప్రకరణమును 1951లో శాస్త్రదృష్టితో పరిశీలించి వ్యాసము ప్రకటించిరి.

ఆ ప్రకరణమున రాజు చేసిన పని మన లెక్కలవారికి మిక్కిలి ఇష్టమైనది. అతడు మొదట పద్దులు విడదీసెను. సముద్రపు చేపలు వేరు, నదీ తటాకముల చేపలు వేరు. పొలుసు గలవి వేరు, పొలుసు లేనివి వేరు. పెద్దవి, నడిమివి, చిన్నవి. ఏ చేపకు ఏ ఆహారము ప్రియమో చెప్పి, పిదప త్రాడు, కోల, గాలముల సంగతి చెప్పెను. చేపను పట్టుటకు ముందు చేపను తెలిసికొనవలెను. అది ఎక్కడ నివసించును, ఏమి తినునను రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేనివానికి గాలము చేతనుండియు ప్రయోజనము లేదు. ఎనిమిదివందల తొంబది సంవత్సరముల తరువాతను ఈ విద్యయందు ఇంతకు మించిన మొదటి పాఠము లేదు.

ప్రపంచమున ఈ విషయమై వ్రాసినవారిలో సోమేశ్వరుడే మొదటివాడని నేననను. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున ఓపియను అను గ్రీకు కవి చేపలవేటపై కావ్యము వ్రాసెను. కాని ఇంగ్లీషువారి భాషలో గాలపువేటపై తొలి గ్రంథము అచ్చుపడినది 1496లో. అనగా మన రాజు వ్రాసిన మూడున్నర శతాబ్దములకు పిమ్మట. జూలియానా బెర్నర్సు అను సన్న్యాసిని దానిని వ్రాసెనని ప్రతీతి. కర్ర చేయుట, దారమునకు రంగు వేయుట, ఏ చేపకు ఏ ఎర అనునవి చెప్పి, ఒక్కసారిగా అధికముగ పట్టవలదని అందు హితవు చెప్పబడినది. 1653లో ఐజాక్ వాల్టను వ్రాసిన గాలపువేట గ్రంథము నేటికిని పునర్ముద్రణ మగుచున్నది. ఆయన పండిత పదవి గలవాడు కాడు, లండను నగరమున అంగడి పెట్టుకొనిన వర్తకుడు. ఆ మాట చదివినప్పుడు నావంటివానికి కొంత ధైర్యము కలిగినదని దాచనక్కరలేదు.

మన మదరాసు రాజధానియందును ఈ విద్యకు ఒక గ్రంథకర్త కలడు. దక్షిణ కన్నడ జిల్లాలో కలెక్టరుగ పనిచేసిన హెన్రీ సల్లివన్ థామసు దొర 1873లో భారతదేశపు గాలపువేటపై ఒక పుస్తకమును, 1887లో ప్రత్యేకముగ చెరువులలో గాలము వేయుటపై మరియొక పుస్తకమును వ్రాసెను. కాని ఆయన వేటకాడు మాత్రమే కాడు. సన్నకన్నుల వలలతో చేపపిల్లలను తుడిచిపెట్టుటయు, నీటిలో విషము కలుపుటయు చూచి వాపోయి ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. ఫ్రాన్సిస్ డే అను సైనిక వైద్యుడును దేశమంతట ఇట్టి నష్టమునే గమనించి వ్రాసెను. 1897లో భారత మత్స్య పరిశ్రమ చట్టము వచ్చి, ప్రేలుడు పదార్థములతో గాని విషముతో గాని చేపలను చంపుట నేరమని శాసించినది.

ఇప్పుడు సముద్రములు దాటి అమెరికాకు పోవుదము. అచ్చట గాలముతో పట్టు చేపలలో రెండింటిని గూర్చి చెప్పెదను: క్రాపీ, బాస్. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. వాటి జన్మభూమి ఉత్తర అమెరికా. బాస్ చేపకు శాస్త్రనామము 1802లో ఫ్రెంచివాడగు లాసెపేడు పెట్టెను. 1881లో హెన్షాల్ అను వైద్యుడు దానిపై ఒక సంపూర్ణ గ్రంథమునే వ్రాసి, అంతవరకు తగిన గౌరవము లేని ఆ చేపకు దేశమంతట కీర్తి తెచ్చెను.

క్రాపీ వెండివలె మెరయుచు నల్లని చుక్కలు గల చేప. దాని నోటి పొర మిక్కిలి పలుచన. అందుచే అచ్చటివారు దానిని కాగితపు నోటిదందురు. గాలము తగిలినంతనే గట్టిగ లాగినచో నోరు చిరిగి చేప పోవును, మెల్లగ ఎత్తవలెను. దాని దృష్టి పైకుండును; తనకు మీదనున్న ఆహారమును లేచి తినును. కావున బెండును సరిచూచుకొని, చేపలున్న లోతునకు కొంచెము పైగా సన్నని గాలమునకు చిన్న చేపపిల్లను గ్రుచ్చి విడుతురు. బాస్ అట్లు కాదు. పెద్దనోరు, మోటుబలము. నీట పడిన చెట్ల మొదళ్లలోను, నాచుమొక్కల నీడను పొంచియుండి, వానపామును, చిన్నచేపను, ఎండ్రకాయజాతి రొయ్యను, కప్పను కూడ మ్రింగును. దానికి గాలము లావుగ నుండవలెను. ఎరను దాపురమునకు ప్రక్కనే దింపవలెను. ఇది చదువుచున్నప్పుడు నాకు మన కొరమీను కన్నులయెదుట నిలిచినది. జాతులు వేరైనను బ్రతుకు తీరు ఒకటే.

బాస్ కథలో ఒక విషాదము కలదు. 1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక రైతుబిడ్డ 22 పౌనుల 4 ఔన్సుల బాస్‌ను పట్టెను. అనగా పది కిలోలకు కొంచెము హెచ్చు. ఆ తూకముతో సమానమైన చేప దొరకినది 2009లో. అమెరికాలో గాదు, జపానులోని బివా సరస్సున. దానిని పట్టినవాడు ఎరగా వాడినది బ్లూగిల్ అను చేప. ఈ బాస్ జపానుదా? కాదు. గాలపు వినోదమునకై 1925లో తెచ్చి విడువబడినది. ఆ బ్లూగిల్ జపానుదా? కాదు. 1960లో అమెరికాకు పోయిన యువరాజు అకిహితోగారికి కానుకగా లభించి, ఆహారపు చేపగా పెంపబడుటకు వచ్చినది. రెండును నీళ్లలో వ్యాపించి అచ్చటి పురాతన జాతులను తినివేసినవి. 2005 నుండి వాటిని పెంచుటయు, తరలించుటయు చట్టరీత్యా నిషిద్ధము. చక్రవర్తియై, స్వయముగ మత్స్యశాస్త్రజ్ఞుడైన అకిహితోగారు 2007లో ఆ కానుక విషయమై బహిరంగముగ విచారము వెలిబుచ్చిరి. ఎర మ్రింగునది చేప మాత్రమే కాదనియు, వినోదమను ఎరను మ్రింగి జనులును చిక్కుకొందురనియు విదురుని వాక్యమునకు ఇంతకంటె వ్యాఖ్యానమేల?

ఇక నా మాట. 1984లో కరణీకములు రద్దగువరకు మా తండ్రిగారు ఈ గ్రామ కరణము. అంతకు రెండేండ్ల ముందు, నాకు పండ్రెండవ యేట, మన చెరువు తూముదగ్గర నీటిపై ఎర్రని చేపపిల్లల గుంపు ఒకటి తేలుచు మునుగుచు కనబడినది. వాటి క్రింద కొరమీను కాపలా కాయుచుండెను. నేను గాలమునకు కప్పను గ్రుచ్చి ఆ గుంపునడుమ వేసితిని. పిల్లలకు అపాయమని తలచియే కాబోలు అది కప్పమీదికి దుమికి చిక్కినది. నేను గర్వముతో గట్టెక్కితిని. అచ్చట వల బాగుచేసికొనుచున్న వృద్ధ జాలరి నన్ను మెచ్చుకొనలేదు. "బాబుగారూ, చేపను పట్టారు సరే. ఆ పిల్లల్ని ఇక ఎవరు కాస్తారు?" అని మాత్రము అనెను. నేను వెనుదిరిగి చూచునప్పటికి చుట్టునున్న చేపలు ఆ ఎర్రని గుంపును చెదరగొట్టి తినుచుండెను. సాయంకాలమునకు ఒక్కటియు లేదు. ఆ రాత్రి మా ఇంట నాకు అన్నము సహించలేదు.

సోమేశ్వరుని శ్లోకములు చదివినది ఆ తరువాత ఎన్నో ఏండ్లకు. కాని చేపను పట్టకముందు చేపను తెలిసికొనవలెనను ఆ పాఠమును నాకు ముందుగ చెప్పినవాడు అక్షరము రాని ఆ జాలరియే. రాజునకది వినోదము, అతనికది జీవనము. జీవనము చేయువాడు మూలధనమును ముట్టడు. చెరువు అసలు, ఏటేట ఎదుగు చేప వడ్డీ. వడ్డీ తినువాడు తరతరములు తినును. అసలు తినువాని పద్దు ఒక్క ఏటితో మూయబడును. విషము కలుపువాడును, మందుగుండు వేయువాడును, పిల్లలను కాచు చేపను పట్టువాడును అసలు తినువారే.

గాలము నేర్వగోరు మన పిల్లలకు నేను చెప్పునది కొంచెమే. సన్నని వెదురుకోల, నైలాను దారము, చిన్న గాలము, ఒక బెండు చాలును. పరిగెలకు వానపాము ముక్కగాని పిండిముద్దగాని ఎర. బెండు కదలినంతనే లాగవలదు. మునిగి ప్రక్కకు పోవునప్పుడు మణికట్టుతో ఎత్తవలెను. తూములోతునను, అలుగు వద్దను ఒంటరిగ కూర్చుండరాదు. తెగిన దారమును గట్టుమీద విడువరాదు. పక్షుల కాళ్లకు అది ఉరి. చెరువు పాటకు పోయియున్నచో పాడినవారి అనుమతి పొందవలెను. వేరు నీటి చేపను తెచ్చి మన చెరువున విడువరాదు. ఎర్రని పిల్లల గుంపు కనబడినప్పుడు కర్ర చుట్టి ఇంటికి పోవలెను.

మన గ్రంథాలయమును ఈ ఇరువదియైదు సంవత్సరములు కాపాడిన పెద్దలును ఆ కొరమీనువంటివారే. పుస్తకములు కొనుట ఒక్కనాటి పని. పఠితలను కాచుకొనుట నిత్యకృత్యము. ఆ కాపలా ఇక చిన్నవారి చేతులలోనికి రావలసియున్నది. వారు ఈ బీరువాలయొద్దకు ఏ ఎరకు ఆశపడి వచ్చినను మంచిదే. గాలముల కథకై వచ్చినవాడు భారతము చేతబట్టుకొని పోవచ్చును. నేను పోయిన త్రోవ అదియే.