రఫీ సాబ్ ఆవాజ్, నిమ్మకూరు పెదవులు

మన గుడివాడ దగ్గరి నిమ్మకూరులో 1923లో పుట్టిన ఎన్టీఆర్‌కు, 1969లో 'భలే తమ్ముడు'లో మహమ్మద్ రఫీ సాబ్ పాడారు. ఉర్దూకు అలవాటైన ఆవాజ్, తెలుగు లఫ్జులు! ముందు పాట రికార్డయ్యేది. షూటింగులో అది మోగుతుంటే హీరో పెదవులు కలపాలి. అక్కడ ఆవాజే హాకిమ్.

1983లో మిడి వచ్చాక హాకిమ్ మారాడు. మిడిలో ఆవాజ్ ఉండదు. ఏ సురం, ఎప్పుడు, ఎంత జోరుగా అన్న హుకుం మాత్రమే ఉంటుంది. దాన్ని నడిపేది గడియారం.

మొన్న బందరులో మా ఖాలా పాడిన లోరీని లైనక్స్ కంప్యూటర్‌లో, ఆర్డోర్‌లో ఎక్కించి, మిడి తబలా జోడించాను. రెండో బంద్‌కే తబలా ముందుకు ఉరికింది. కసూర్ ఖాలాది కాదు, ఆమె ఏ క్లిక్కూ వింటూ పాడలేదు. ఆమె దమ్ తీసుకున్న చోటల్లా టెంపో గుర్తులు జరిపాను. తబలా ఆగి, ఆమె వెంట నడిచింది.