జావా బ్యాంకు నుంచి బ్యాంక్ ఇండోనేషియా దాకా

1828 జనవరి 24న బటావియాలో, అంటే నేటి జకార్తాలో, ‘ద యావాసె బాంక్’ అనే జావా బ్యాంకు పుట్టింది. డచ్ ఈస్టిండియా కంపెనీ మూతపడి అప్పటికి ముప్పై ఏళ్లయినా కాలేదు. మరోవైపు 1825లో మొదలైన జావా యుద్ధం ఖజానాను ఊడ్చేస్తోంది. నెదర్లాండ్స్ రాజు మొదటి విలియం ఈ బ్యాంకుకు నోట్లు వేసే హక్కును పదేళ్లకు రాసిచ్చాడు. గడువు తీరినప్పుడల్లా ఆ పత్రాన్ని పొడిగిస్తూ పోయారు. 1922లో దాని స్థానంలో చట్టం వచ్చింది. నోట్లు వేసేదైనా, మామూలు బ్యాంకులా వ్యాపారులకు అప్పులూ ఇచ్చేది.

1942లో జపాన్ సేనలు వచ్చి దాన్ని మూయించాయి. 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండోనేషియా రిపబ్లిక్, మరుసటి ఏడాది జులైలో బ్యాంక్ నెగారా ఇండోనేషియాను స్థాపించింది. అక్టోబరులో సొంత నోట్లు విడుదల చేసింది. తిరిగొచ్చిన డచ్చివాళ్లు జావా బ్యాంకును మళ్లీ తెరిచారు. అలా ఒకే దేశంలో రెండు ప్రభుత్వాల నోట్లు పోటీపడ్డాయి. తీరా ఇరుపక్షాల మధ్య కుదిరిన 1949 హేగ్ ఒప్పందంలో కేంద్ర బ్యాంకు హోదా దక్కింది స్వదేశీ బ్యాంకుకు కాదు, జావా బ్యాంకుకే.

1950 మార్చిలో ఆర్థికమంత్రి షఫ్రుద్దీన్ ప్రవిరనెగార ఒక వింత ఆజ్ఞ జారీ చేశాడు. డచ్ హయాంలో వచ్చిన 5 గిల్డర్లు, ఆపై నోట్లన్నిటినీ నిలువునా రెండుగా కత్తిరించాలి. ఎడమ ముక్క సగం విలువకు చెల్లుతుంది. కుడి ముక్క ఇస్తే ప్రభుత్వ బాండు వస్తుంది. పెరిగిపోయిన డబ్బు చలామణీని సగానికి తెగ్గోసి, అదే దెబ్బతో సర్కారుకు అప్పు పుట్టించే ఎత్తు ఇది. జనం దీనికి ‘షఫ్రుద్దీన్ కత్తెర’ అని పేరు పెట్టారు.

1951లో ప్రభుత్వం జావా బ్యాంకును జాతీయం చేస్తామంది. ముందుగా మాటమాత్రమైనా తెలియని డచ్ అధ్యక్షుడు హౌవింక్ రాజీనామా చేస్తే, ఆ కుర్చీలో షఫ్రుద్దీన్ కూర్చున్నాడు. ముఖవిలువ మీద 20 శాతం అదనంగా చెల్లించి వాటాలు కొనేశారు. డిసెంబరులో చట్టం చేశారు. 1953 జులై 1న జావా బ్యాంకు కాస్తా బ్యాంక్ ఇండోనేషియా అయింది.

యజమాని మారాడు గానీ, పాలకుడి అవసరం తీర్చే పని మారలేదు. ద్రవ్య విధానం నిర్ణయించే మండలికి ఆర్థికమంత్రే అధ్యక్షుడు. తొలి గవర్నర్ షఫ్రుద్దీన్ 1958లో సుమత్రా తిరుగుబాటులో చేరిపోయాడు. దేశాధ్యక్షుడు సుకర్ణో లోటు బడ్జెట్లకు నోట్ల ముద్రణే దిక్కయింది. 1965లో ప్రభుత్వ బ్యాంకులను కలగలిపినప్పుడు కేంద్ర బ్యాంకు కూడా ఆ కుప్పలో ఒక విభాగమైంది. 1966లో ద్రవ్యోల్బణం 600 శాతం దాటింది. 1968 చట్టం కేంద్ర బ్యాంకును మళ్లీ విడదీసి, వాణిజ్య బ్యాంకింగ్ బాధ్యత నుంచి తప్పించింది. మంత్రి పెత్తనం మాత్రం 1997-98 ఆర్థిక సంక్షోభం దేశాన్ని కుదిపేశాకే తొలగింది: 1999 చట్టం బ్యాంకుకు స్వతంత్రత ఇచ్చి, ప్రభుత్వానికి అప్పివ్వడాన్ని నిషేధించింది.

వాటాలు కొనడానికి కొన్ని నెలలు చాలాయి. ఖజానాకు, నోట్ల ముద్రణకు మధ్య గోడ కట్టడానికి 1953 నుంచి 46 ఏళ్లు పట్టింది. ఆ గోడకూ తలుపు పెట్టారు: 2020లో కోవిడ్ ఖర్చుల కోసం ప్రభుత్వ బాండ్లను నేరుగా కొనేందుకు కేంద్ర బ్యాంకును అనుమతించారు, 2023 చట్టం సంక్షోభ వేళల్లో ఆ వెసులుబాటును కొనసాగించింది. ఏది సంక్షోభమో తేల్చేది ఎవరన్నదే ఇక ఆ స్వతంత్రతకు అసలు పరీక్ష.