మూసీ ఒడ్డున అదాలత్: ప్రజల నమ్మకం

మూసీ నది దక్షిణపు ఒడ్డున గుమ్మటాలతో నిలిచిన హైకోర్టు భవనం మనందరికీ తెలిసినదే. 1920 ఏప్రిల్ 20న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ప్రారంభించారు. ఆ భవనం అందాన్ని గూర్చి వ్రాసినవారు చాలామంది. లోపల జరిగే ఇన్సాఫ్‌ను జనం ఎంతవరకు నమ్మారన్నది వ్రాసినవారు తక్కువ.

1921లో నిజాం ఫర్మానా ద్వారా న్యాయశాఖను పరిపాలన శాఖ నుండి వేరు చేశారు. బ్రిటిషు ఇండియాలో అప్పటికింకా జరగని పని అది. మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కాని పెద్ద జాగీర్లకు, పాయగాలకు వేరే అదాలతులుండేవి. అనేక పల్లెల్లో దొర గడీయే కోర్టు. పైగా హైకోర్టు తీర్పులు ఉర్దూలో. మాకు ఉర్దూ ఇంటి భాష, బడి భాష గనుక అది ముచ్చటగా తోస్తుంది. తెలుగు రైతుకు మాత్రం తన దావా గెలిచిందో ఓడిందో వకీలు చెప్పితే గాని తెలియదు.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత తలక్రిందులయింది. ఉర్దూ స్థానంలోకి క్రమంగా ఇంగ్లీషు వచ్చింది. రైతు పడిన ఇబ్బంది ఏమిటో మనవాళ్ళకు అప్పుడు గాని అర్థం కాలేదు!

ఆ రోజుల్లోనే మిలిటరీ ప్రభుత్వపు స్పెషల్ ట్రిబ్యునళ్ళు తెలంగాణ రైతాంగ పోరాటపు కేసుల్లో పలువురికి ఉరిశిక్ష వేశాయి. 1949 డిసెంబరులో హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది. రాజ్యాంగం అమలుకు వచ్చింది 1950 జనవరి 26న, అంటే సుమారు ఆరు వారాల తరువాత. ఖైదీల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుండి ప్రిట్ అనే ప్రసిద్ధ బారిస్టరు వచ్చారు. అయినా, ఆ తేదీకి ముందు ముగిసిన హైదరాబాదు తీర్పులపై అప్పీలు వినే అధికారం తనకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ప్రకారం సరే కావచ్చును. కాని ఆరు వారాల తేడాతో మనిషి ప్రాణానికి పైకోర్టు తలుపు మూసుకుపోయిందంటే పల్లెవాడికి ఎలా నచ్చజెప్పాలి? చివరకు ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. అది కోర్టు తీర్పు వల్ల కాదు. దేశంలోనూ బయటా ప్రజలు చేసిన ఆందోళన తరువాత ప్రభుత్వం తగ్గించింది.

నిజాం కాలంలో కొందరికి, మిలిటరీ కాలంలో మరికొందరికి ఆ భవనం పరాయిదిగానే తోచింది. గుమ్మటాలు మాత్రం అవే.

1956లో గుంటూరులోని ఆంధ్ర హైకోర్టు వచ్చి ఇందులో కలిసింది. 2019 జనవరి 1న మళ్ళీ రెండయ్యాయి. 2024లో రాజేంద్రనగర్ దగ్గర కొత్త భవనానికి పునాదిరాయి వేశారు. దావా, వకీలు, జామీను, ముద్దాయి అన్న మన మాటలు అక్కడికీ వెళ్తాయి. తీర్పులు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తున్నాయి.