సాక్షి బోనులో మన మాట: ‘అవ్వ’ అంటే ఎవురు?

బళ్ళారి జిల్లాలో మాకొక చేను ఉండేది. దాని మీద దాయాదులతో దావా చాలా ఏండ్లు నడిచింది. ఆ దావాలో జరిగిన ఒక సంగతిని మా నాయన మాటిమాటికీ చెప్పేవాడు. మా పెద్దత్త సాక్షిగా బోనెక్కి, “ఆ చేను మా అవ్వది. నా పెండ్లి యేడు అవ్వే మా నాయనకి రాసిచ్చె” అని చెప్పిందంట. రాసుకునే ఆయన కన్నడాయన. కాగితం మీద ‘తాయి’ అని పడింది. తాయి అంటే తల్లి.

ఆయన్ని తప్పు పట్టేదానికి లేదు. ఉత్తర కర్ణాటకలో అవ్వ అంటే అమ్మే. తెలంగాణలోనూ అంతే. అక్కడినుంచి షోలాపూరు పోయి మగ్గాల మీద బతికిన పద్మశాలీల ఇండ్లల్లో కూడా అమ్మను అవ్వ అని పిలిచే వాడుక ఉంది. మన బళ్ళారి, అనంతపురం, కడప వైపు మాత్రం అవ్వ అంటే నాయనమ్మ, లేకుంటే అమ్మమ్మ. ‘అబ్బ’ కూడా ఇట్లాంటిదే. నిఘంటువు తీస్తే తండ్రి అని ఉంటుంది, మా ఇంట్లో మాత్రం తాతను అబ్బా అంటాము. వారసత్వం తేల్చే దావాలో ఒక తరం పైకో కిందికో జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

అవతలి వకీలు క్రాస్‌కు లేచి, “మీ తల్లి నీ చిన్నప్పుడే పోయింది కదా?” అన్నాడు. “పోయె.” “మరి నీ పెండ్లినాడు చేను ఎట్లా రాసిచ్చింది?” పెద్దత్తకు ప్రశ్నే అర్థం కాలేదు. తల వంచుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. మన ఇండ్లల్లో పెద్దల ముందర ఆడమనిషి అట్లా నిలబడితే అది మర్యాద. కోర్టులో చూసేవాళ్లకు అది అబద్ధం దొరికిపోయిన మనిషి వాలకం.

ఆ వాలకం లెక్కలోకి రాదనుకోవద్దు. సాక్షి ఎట్లా ప్రవర్తించిందీ ముఖ్యమనిపిస్తే జడ్జి రాసిపెట్టుకోవచ్చని చట్టంలోనే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 18వ ఆర్డరు 12వ రూలు అదే. క్రిమినల్ కేసులకు 1973 కోడ్‌లో 280వ సెక్షను ఉండేది, 2024 జులై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో అది 315. తడబడడం, చెమట పట్టడం, కండ్లు దించుకోవడం, ఏదైనా రాయొచ్చు. కండ్లు దించుకోవడం ఏ ఊర్లో మర్యాదో, ఏ ఊర్లో దొంగతనమో మాత్రం ఏ సెక్షనూ చెప్పదు. మా అవ్వల కాలంలో ఆడవాళ్లు మొగుని పేరు నోటితో పలికేవాళ్లు కాదు. పేరు అడిగితే పక్కనున్న పిల్లోని వైపు చూసేవాళ్లు, “మా పిల్లోని నాయన” అనేవాళ్లు. సొంత మొగుని పేరే చెప్పని సాక్షిని కొత్త జడ్జి ఏమనుకోవాల?

మా జిల్లాలో ఈ చిక్కు పాతది. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తత ఇచ్చినాడు. 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ కలెక్టరు. తర్వాత ఆయన పెద్దగా పనిచేసిన కమిషను వల్లనే 1816లో మద్రాసు రాజధానిలో గ్రామ మునసబుల పద్ధతి వచ్చింది. చిన్న తగాదాలు ఊర్లోనే, ఊరి మాటలోనే తేలాలని దాని ఉద్దేశం. మునసబుకు అవ్వ ఎవరో, అబ్బ ఎవరో ఎవరూ విడమరిచి చెప్పే పని లేదు, ఆయనా ఆ ఊరోడే. కానీ తగాదా జిల్లా కోర్టుకు ఎక్కిందంటే మాట చేతులు మారేది. సాక్షిది తెలుగో కన్నడమో, జడ్జిది ఇంగ్లీషు, నడుమ గుమాస్తా.

దానికి తోడు పాత పారసీ మాటల మూట. దావా, వకీలు, హాజరు, జామీను అన్నీ అట్లా వచ్చినవే. కడపలో తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌను ఇట్లాంటి మాటల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు వేరేగా అచ్చు వేయించినాడు. నాకు అన్నిటికంటే విడ్డూరమైన మాట ముద్దాయి. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు! ఒకే మాట, బోనుకు ఇటుపక్క మనిషి అటుపక్కకు పోయినాడు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి, బళ్ళారితో పాటు మిగిలినవి మైసూరులో కలిసినాయి. ఇండ్లల్లో మాట మారలేదు, కింది కోర్టుల్లో రాత మెల్లగా కన్నడమయింది. రెండు భాషలూ దగ్గరివే కదా అంటారు. ఆ దగ్గరితనమే కొంప ముంచేది. మన తెలుగులో “వాడు కొట్టె” అంటే దెబ్బ వేసినాడని. కన్నడంలో ‘కొట్టె’ అంటే ‘ఇచ్చినాను’. హొసూరు వైపు వాళ్లకు తమిళంతో ఇట్లాంటి పేచీ ఉంది: మన ‘అడిగె’ అరవ చెవికి వాళ్ల ‘అడిచ్చాన్’ దగ్గరికి పోతుంది, అంటే కొట్టినాడని. బరంపురం వైపు మన ‘మారె’కు పక్కనే ఒడియా ‘మారిలా’ కాచుకొని ఉంటుంది, అది కూడా కొట్టుడే.

పక్క భాష వరకూ ఎందుకు, తెలుగు తెలిసిన గుమాస్తా అయినా మన యాసకు తడబడతాడు. “నేను పోతి” అంటే పోయినాను అని, “పోతా” అంటే పోతాను అని. ఒక్క అచ్చులో జరిగిందీ జరగబోయేదీ తారుమారు. ‘మొన్న’ అంటే నిన్నటికి ముందురోజు, మాటవరసకు పోయిన నెల కూడా. “సంపేస్తా నిన్ను” అని మన అమ్మలు రోజుకు పదిసార్లు పిల్లోళ్లను అంటారు, అదే మాట ఫిర్యాదు కాగితంలోకి ఎక్కితే బెదిరింపు. తెలుగులో రాసిన వాంగ్మూలాలు కూడా సాక్షి మాటలో ఉండవు. ‘చూచియుంటిని’, ‘అనుట వాస్తవము కాదు’ అని గుమాస్తా భాషలో ఉంటాయి. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు వాడుక మాట కోసం పోరాడింది ముఖ్యంగా బడి పుస్తకాల గురించి. నన్నడిగితే ఆ పోరు కోర్టు కాగితాలకు ఇంకా ఎక్కువ అవసరం.

ఇంక ‘ఊ’. మనం ఊ కొట్టేది ఒప్పుకున్నామని కాదు, వింటున్నామని. కథ చెప్పే అవ్వకు ఊ కొట్టినట్టే, “ఆ రాత్రి నువ్వు ఇంట్లోనే ఉన్నావు” అనే వకీలుకు కూడా సాక్షి అలవాటుగా ఊ అంటాడు. కాగితంలో అది ‘నిజమే’ అయి కూర్చుంటుంది. తల పక్కకు ఊపేది కూడా అంతే. మనకది సరేనని, బయటి అధికారికి కాదని. ‘సాక్షి తల ఊపెను’ అని రాస్తే ఎటు ఊపినాడో వందేండ్ల తర్వాత చదివేవాడికి ఏం తెలుస్తుంది?

సైగను చట్టం తీసి పారేయలేదు. 1885లో అలహాబాదు హైకోర్టుకు ఒక కేసు వచ్చింది. గొంతు కోయడంతో మాట పోయిన అమ్మాయిని, ఒక్కొక్క పేరూ చెప్పి ఈయనేనా అని అడిగితే చేతి సైగతో జవాబిచ్చి, తర్వాత చనిపోయింది. అడిగిన ప్రశ్న, చేసిన సైగ రెండూ కలిపితే అది నోటిమాట కిందికే వస్తుందని ఎక్కువమంది జడ్జీలు తేల్చినారు. మాట్లాడలేని సాక్షి కోర్టులో రాసిగానీ సైగ చేసిగానీ సాక్ష్యం ఇవ్వచ్చని 1872 సాక్ష్య చట్టం 119వ సెక్షనులో ఉండేది. 2013లో దాన్ని సవరించి, సైగలు తెలిసిన మనిషి సాయం తీసుకోవాలని, వీడియో తీయాలని చేర్చినారు. మూగవాళ్ల సైగకు ఇంత జాగ్రత్త ఉంది. నోరున్నోళ్ల సైగను ఎవరు పట్టించుకుంటారు?

మా పెద్దత్తను గట్టెక్కించింది వేరే రూలు. సాక్షి చెప్పిన భాష ఒకటి, రాసిన భాష ఇంకొకటి అయి, రాసింది సాక్షికి అర్థం కాకుంటే, దాన్ని సాక్షి భాషలో చెప్పి వినిపించాల. సివిల్ కోడ్ 18వ ఆర్డరు 6వ రూలు ఇది. క్రిమినల్ కేసుల్లో పాత 278, ఇప్పుడు 313. హడావిడిలో చాలాసార్లు మొక్కుబడిగా జరిగిపోయే పని. ఆ రోజు మా వకీలు పట్టుబట్టి చదివించినాడంట. “చేను మీ అమ్మది, మీ అమ్మే ఇచ్చింది” అని తెలుగులో చెప్పేసరికి పెద్దత్త కొంగు తీసి, “అమ్మ యాడిచ్చింది సామీ? అమ్మ నన్ను కని పోయె. అవ్వ ఇచ్చె, అవ్వ!” అని అరిచిందంట.

“అవ్వ అంటే ఎవురమ్మా?” అని జడ్జే అడిగినాడు.

“మా నాయన్ని కన్న తల్లి.”

ఆ వాంగ్మూలం నకలు ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. ‘తాయి’ మీద అడ్డగీత, దాని పైన కన్నడ అక్షరాల్లో ‘అవ్వ’, పక్కన ‘తందెయ తాయి’ అని చిన్నగా. కిందనే పెద్దత్త వేలిముద్ర.