హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో కోచ్ వారసత్వం: రహీం నుంచి హైదరాబాద్ ఎఫ్‌సీ దాకా

1963 జూన్ 11న సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూశారు. అప్పటికి తొమ్మిది నెలల కిందటే, 1962 సెప్టెంబర్ 4న, ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఊపిరితిత్తుల కేన్సర్ ముదురుతున్నా ఆయన ఆ జట్టు వెంట వెళ్లారు. ఆయన పోయాక భారత జట్టు బాధ్యత ఇంగ్లండ్ నుంచి వచ్చిన హ్యారీ రైట్‌కు దక్కింది. 1964 ఆసియా కప్‌లో రైట్ జట్టు రెండో స్థానంలో నిలిచింది కాబట్టి ఆ నియామకాన్ని తప్పుపట్టలేం. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. పన్నెండు, పదమూడేళ్ల పాటు ఒకే మనిషి కింద పెరిగిన ఆట, ఆ మనిషి తర్వాత అదే ఇంట్లోని మరొకరి చేతికి ఎందుకు అందలేదు?

క్లబ్బు తన కోచింగ్ సిబ్బందిలోంచే హెడ్ కోచ్‌ను తయారుచేసుకోవాలా, బయటినుంచి తెచ్చుకోవాలా అనే చర్చ ప్రపంచ ఫుట్‌బాల్‌లో పాతదే. ఆ చర్చను హైదరాబాద్ అనుభవం మీద నిలిపి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా వాదన ముందే చెబుతాను. లోపలివాడిని ఎంచుకోవడం మంచిదే. కానీ ఆ ఎంపిక క్లబ్బు నిలకడగా నడుస్తున్న రోజుల్లో చేసుకున్న తయారీకి కొనసాగింపు కావాలి. ఇల్లు కూలుతున్నప్పుడు అసిస్టెంట్‌ను పిలిచి పైన నిలబెట్టడం వారసత్వం కాదు. హైదరాబాద్‌లో ఒకసారి తయారీ జరిగింది గానీ పీఠం మారలేదు. మరోసారి పీఠం మారింది గానీ తయారీకి చోటే దొరకలేదు.

మొదటి ఘట్టం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుది. 1909లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, నగరంలోని పాఠశాలల్లో పనిచేశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా నగరంలోని లీగు ఆటను ఒక పద్ధతిలోకి తెచ్చారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు కోచ్. ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు ఆ జట్టు బొంబాయిలో వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద జట్లను వాటి పేరు చూసి కాకుండా ఆట చూసి కొలవడం దేశం అక్కడే నేర్చుకుంది. 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాద్ రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే.

గెలుపులకన్నా నాకు ముఖ్యంగా కనిపించేది ఆయన నేర్పిన తీరు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న షరతుతో మరికొన్ని. మొదటిదానితో బంతి వెంటనే పక్కవాడికి అందించే అలవాటు వస్తుంది. రెండోదానితో ఒంటికాలి ఆటగాడు రెండు కాళ్లవాడవుతాడు. ఇవి మైదానం పక్కన నిలబడి అరిచి చెప్పే సలహాలు కావు, ఒక బడిపంతులు అల్లిన పాఠ్యప్రణాళిక. చెప్పేవాడు ఊళ్లో లేకపోయినా నియమం తన పని తాను చేసుకుపోతుంది. ఇలాంటి పద్ధతిని ఇంకొకరికి అప్పజెప్పడం తేలిక. కోచ్ వారసత్వానికి ఇంతకన్నా అనుకూలమైన నేల మన దేశంలో మరెక్కడా ఏర్పడలేదని నేను నమ్ముతున్నాను.

ఆ పద్ధతి పాకింది, అయితే ఊరు దాటి పాకింది. రహీం జట్లలో ఆడిన పి.కె. బెనర్జీ శిక్షణలో, హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచింది. నయీముద్దీన్ తర్వాత భారత జట్టుకూ, కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ కోచ్ అయ్యారు. 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. మహమ్మద్ హబీబ్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు ఆట నేర్పారు. షబ్బీర్ అలీ శిక్షణలో గోవా క్లబ్బు సాల్గావ్‌కర్ 1998-99 జాతీయ లీగ్ గెలిచింది. రహీం కుమారుడు, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు సయ్యద్ షాహిద్ హకీం కోచ్‌గానూ అంతర్జాతీయ రిఫరీగానూ పనిచేశారు. హైదరాబాద్ దేశానికి కోచ్‌లను పంచిపెట్టింది. మరి తనకు? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అది రహీం కాలంలో పెరిగిన తరం ఇచ్చిన చివరి పంట. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పేరు మళ్లీ ఆ ట్రోఫీ మీద పడలేదు. రహీం పద్ధతి ఆటగాళ్ల కాళ్లలో ఉన్నంతకాలం బతికింది. ఒక పీఠంగా, సిబ్బందిగా నిలబడలేదు. ప్రతిభ కలకత్తా డబ్బుకు వలసపోవడం, పోలీసు శాఖ జట్లకు దేశమంతటా ప్రాభవం తగ్గడం ఇందులో పెద్ద కారణాలే. అయినా పోలీస్ జట్టులో ఆటగాడికి ఉద్యోగముండేది. అసిస్టెంట్ కోచ్ అనే ఉద్యోగం కూడా అంతే భద్రంగా ఉండి ఉంటే, నయీముద్దీన్‌లాంటివారు వెనక్కి రావడానికి ఒక కుర్చీ ఉండేది.

సరిగ్గా అలాంటి కుర్చీని నిలబెట్టుకున్న క్లబ్బు లివర్‌పూల్. 1974లో బిల్ షాంక్లీ అనుకోకుండా తప్పుకున్నప్పుడు, ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన బాబ్ పైస్లీకి జట్టును అప్పగించారు. పైస్లీ తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు గెలిచారు. తర్వాత వచ్చిన జో ఫేగన్ కూడా అదే గదిలోని మనిషి. 1983-84లో ఒకే సీజన్‌లో లీగ్, లీగ్ కప్, యూరోపియన్ కప్ మూడూ తెచ్చారు. బూట్లు దాచుకునే గదిలో కూర్చుని ప్రతిరోజూ శిక్షణలో ఏం చేశారో, ఎవరికి ఏ గాయమైందో రాసుకునే అలవాటు ఆ సిబ్బందికి ఉండేది. హెడ్ కోచ్ మారినా ఆ పుస్తకాలు గదిలోనే ఉండేవి.

అదే కాలంలో అక్కడికి దగ్గర్లోని మాంచెస్టర్ యునైటెడ్ కూడా లోపలివాడినే ఎంచుకుంది. మ్యాట్ బస్బీ తర్వాత 1969లో రిజర్వ్ జట్టు శిక్షకుడు విల్ఫ్ మెక్‌గిన్నెస్‌ను పైకి తెచ్చింది. బస్బీ జనరల్ మేనేజర్‌గా అదే భవనంలో ఉండిపోయారు. నిన్నటిదాకా తోటి ఆటగాళ్లయినవారికి ముప్పై ఒక్కేళ్ల మెక్‌గిన్నెస్ పెద్ద కావలసి వచ్చింది. 1970 డిసెంబర్‌లో ఆయన్ను తప్పించి బస్బీయే మళ్లీ పగ్గాలు పట్టారు. పాత యజమాని ఇల్లు ఖాళీ చేయకముందే కొత్తవాడి చేతికి తాళాలిచ్చారు. లోపలినుంచి ఎదిగినవాడు అన్న ఒక్క లక్షణం పైస్లీకీ, మెక్‌గిన్నెస్‌కూ సమానమే. వారి చుట్టూ ఉన్న ఏర్పాటు మాత్రం ఒక్కటి కాదు.

ఇక్కడ కొలత గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. లోపలివారి విజయాల జాబితా ఎవరైనా రాయగలరు. 2008లో రెండో జట్టు నుంచి వచ్చిన గార్డియోలా, 2016లో జిదాన్, 2019లో అసిస్టెంట్‌గా ఉండి బయర్న్ మ్యూనిక్ పగ్గాలందుకున్న ఫ్లిక్. ఈ జాబితాతో ఏదీ రుజువు కాదు. పెద్ద క్లబ్బులకు పెద్ద ఆటగాళ్లుంటారు. పైగా అసిస్టెంట్‌కు పిలుపు తరచు జట్టు వరుసగా ఓడుతున్నప్పుడే వస్తుంది. డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ 1986 నుంచి 2004 వరకు నెదర్లాండ్స్ లీగును పరిశీలించి, కోచ్‌ను మార్చిన జట్లను, అంతే దెబ్బతిన్నా మార్చని జట్లతో పోల్చారు. మార్చినవి ప్రత్యేకంగా బాగుపడలేదు. రెండు రకాల జట్లూ తమ మామూలు స్థాయికి తేరుకున్నాయి. కాబట్టి తాత్కాలిక కోచ్ వచ్చిన మొదటి నెలలో కనిపించే వెలుగును ఆయన ఖాతాలో పూర్తిగా వేయలేం, చీకటిని కూడా.

మన దేశంలో ఖాలిద్ జమీల్ ఉదాహరణ ఈ రెండు వైపులనూ చూపిస్తుంది. 2021 జనవరిలో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ తన హెడ్ కోచ్ జెరార్డ్ నూస్‌ను తప్పించి, అసిస్టెంట్‌గా ఉన్న జమీల్‌కు జట్టునిచ్చింది. లీగ్ దశ ముగిసేదాకా ఓడకుండా జట్టు సెమీఫైనల్ చేరింది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో పూర్తిస్థాయి హెడ్ కోచ్ అయిన తొలి భారతీయుడయ్యారాయన. మరుసటి సీజన్‌లో అదే జట్టు పట్టికలో చివరినుంచి రెండో స్థానానికి జారింది. 2025లో జమీల్ భారత జట్టు కోచ్ అయ్యారు. ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పి ఉంటే, అది ఏ సీజనైనా సరే, ఆయన్ను తప్పుగా అంచనా వేసేవాళ్లం.

ఇక రెండో ఘట్టం. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. 2020 ఆగస్టులో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చారు. రెండేళ్లు తిరగకుండానే, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా ముగిసిన ఫైనల్‌ను పెనాల్టీల్లో 3-1తో గెలిచి ఐఎస్ఎల్ కప్ హైదరాబాద్‌కు తెచ్చారు. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. రహీం నగరానికి అది మళ్లీ దొరికిన గౌరవం. ఆ సంతోషం నాలో ఇంకా ఉంది. మార్కెజ్ బయటివాడు. అయితే ఆయన స్వయంగా ఒకసారి లోపలినుంచి ఎదిగి చూసినవాడే. లాస్ పాల్మాస్ రెండో జట్టు కోచ్‌గా ఉంటూ 2017 వేసవిలో మొదటి జట్టుకు పదోన్నతి పొంది, సెప్టెంబర్‌కే వదిలేశారు. ఒకే మనిషి ఒకచోట లోపలివాడిగా నిలవలేకపోయాడు, మరోచోట బయటివాడిగా గెలిచాడు. మనిషి గుణాలను మాత్రమే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేమనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు తెలియదు.

2023లో మార్కెజ్ గోవాకు వెళ్లారు. ఆయన దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసిన మణిపూర్ వాసి థాంగ్‌బోయి సింగ్టో జట్టు బాధ్యత తీసుకున్నారు. కాగితం మీద ఇది పైస్లీ కథే. మైదానంలో అలా జరగలేదు. జీతాలు ఆగాయి. పాత బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. ఆ సీజన్‌లో సింగ్టో కుర్రాళ్లను దించి ప్రతి ఆటా ఆడించారు. ఆ పట్టుదలకు పట్టికలో గడి లేదు. 2024 డిసెంబర్‌లో ఆయన వెళ్లాక, క్లబ్బు రిజర్వ్ జట్టు నుంచి పైకి వచ్చిన కేరళ కోచ్ షమీల్ చెంబకత్‌కు పగ్గాలిచ్చారు. ఇదీ లోపలి నియామకమే. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. ఈ ఫలితాలను చూపి లోపలి కోచ్‌లు పనికిరారనేవారు, నారుమడి ఎండగట్టి నాట్లు పట్టలేదని రైతును నిందించేవారే. అక్కడ కొనసాగించడానికి జట్టు లేదు, జీతం లేదు, చివరికి ఊరు కూడా లేదు.

నగరంలోని మరో క్లబ్బు శ్రీనిధి దక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో రెండో స్థానంలో నిలిచింది. రెండుసార్లూ పోర్చుగల్‌కు చెందిన కార్లోస్ వాజ్ పింటోయే కోచ్. విదేశీ కోచ్ రావడంలో చెడేమీ లేదు, మార్కెజ్ నుంచి మనవాళ్లు నేర్చుకున్నది చాలా ఉంది. ఆయన పక్కన ఎవరు కూర్చున్నారు, ఆయన వెళ్లేనాటికి ఆ పక్కవారికి ఏం అప్పజెప్పారు అన్నదే క్లబ్బులను అడగవలసిన ప్రశ్న. విదేశీ కోచ్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడే ఒక స్థానిక అసిస్టెంట్‌కు నిర్ణయాలు తీసుకునే పని, ఉదాహరణకు కప్ పోటీల్లో జట్టును నడిపే బాధ్యత, అప్పగించాలి. శిక్షణ రికార్డులు క్లబ్బు ఆస్తిగా ఉండాలి. హెడ్ కోచ్ పోయినప్పుడు సహాయక సిబ్బంది అంతా మూటాముల్లె సర్దుకుని ఆయన వెంటే పోయే పద్ధతి మానాలి.

ఈ సంగతి కల్వకుర్తి నుంచి చూస్తే మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రహీం రోజుల్లో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. సంతోష్ ట్రోఫీ జట్టు పేరులో కల్వకుర్తి కూడా ఉన్నట్టే లెక్క. ఆటగాళ్లలో ఎక్కువమంది మాత్రం జంటనగరాలవారు. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడి పాలన దగ్గరైనా, ఇక్కడినుంచి ఫుట్‌బాల్ కోచ్ కావడానికి నిచ్చెన ఇంకా దగ్గర కాలేదు. మన బడుల్లో పీఈటీ సారు బదిలీ అయితే సాయంత్రం ఆట ఏమవుతుందో అందరికీ తెలుసు. బాగా ఆడే పెద్ద పిల్లవాడు విజిల్ అందుకుని కొన్నాళ్లు నడుపుతాడు. వాడికి సారు ముందే రెండేళ్లు చిన్నపిల్లల్ని అప్పగించి ఉంటే ఆట నిలుస్తుంది. లేకపోతే మైదానం మళ్లీ క్రికెట్‌కు పోతుంది. ఐఎస్ఎల్ క్లబ్బుకూ, జిల్లా పరిషత్ హైస్కూలుకూ ఈ విషయంలో తేడా బడ్జెట్‌లోనే ఉంది.

కోచ్ అర్హతల మెట్లు డి సర్టిఫికెట్‌తో మొదలై సి, బి, ఏ లైసెన్సుల మీదుగా ప్రో దాకా సాగుతాయి. పరీక్షలు పాసవడం ఒక భాగం. ఆ మెట్ల మధ్య ఏళ్లలో ఎక్కడో ఒక జట్టు దగ్గర పని చేయాలి. కల్వకుర్తిలోనో వనపర్తిలోనో ఒక పీఈటీ మొదటి సర్టిఫికెట్ తెచ్చుకున్నారనుకుందాం. అసిస్టెంట్‌గా చేరడానికి ఆయనకు దగ్గర్లో లీగు ఆడే జట్టు కావాలి. ఉమ్మడి పాలమూరు జిల్లాలకు ఏటా జరిగే ఒక లీగు, అందులో ప్రతి జట్టుకూ హెడ్ కోచ్‌తోపాటు జీతమున్న ఒక అసిస్టెంట్, ఆ అసిస్టెంట్లలో ఇద్దరు ముగ్గురిని ఏటా నగర క్లబ్బుల రిజర్వ్ జట్లకు పంపే ఒప్పందం ఉంటే చాలు. రహీం కూడా పాఠశాల నుంచే ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఆయన వెళ్లిన దారిలో సర్కారు బడి, నగర లీగు, పోలీస్ జట్టు వరుసగా ఉన్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఆ మూడింటిలో మొదటిది మాత్రమే ఉంది. రెండోది పెట్టడానికి స్టేడియం అక్కర్లేదు. రాష్ట్ర సంఘం, జిల్లా యువజన క్రీడల శాఖ కలిసి సంతకం చేయాల్సిన ఒక కాగితం, ఆరేడు జట్లకు సరిపడా బంతులు, ఆ అసిస్టెంట్లకు నెలనెలా అందే గౌరవ వేతనం కావాలి.