పాట వెంట అక్షరము

పాటల వీడియోకు ఏ ఫాంటు తగునని నేఁడు కుఱ్ఱవాండ్రు కంప్యూటరు ముందు రాత్రులు గడపుచున్నారు గాని, పాట వెంట అక్షరమును తెరపై నడిపింపవలెనను తలఁపు టెలివిజనుకంటెను పాతది. 1920లలో న్యూయార్కులో మాక్స్ ఫ్లైషర్ నిర్మించిన చిత్రములలో పాటచరణములు తెరపై వెలయుచుండఁగా, ఒక తెల్లని బంతి పదము మీఁదినుండి పదము మీఁదికి గంతులిడుచు ప్రేక్షకులచేఁ బాడించుచుండెడిది. అందలి మాయ యెల్ల ఇంతియే: పుల్లకొననున్న బంతిని ఒక మనుష్యుఁడు తాళమునకు సరిగా ఆడించెడివాఁడు. హాలంతయు గొంతు కలుపవలెను గనుక అచ్చట అక్షరమునకు స్పష్టతయే సౌందర్యము.

1965 లో లండనునందు సవాయ్ హోటలు వెనుకసందున జరిగిన పని వేఱు. 'సబ్టెరేనియన్ హోమ్‌సిక్ బ్లూస్' అను తన పాట వినవచ్చుచుండఁగా, బాబ్ డిలన్ పెదవి కదపక, పదములు వ్రాసిన అట్టలను ఒక్కొక్కటిగాఁ జూపి జాఱవిడుచుచుండ, డి. ఏ. పెన్నిబేకర్ ఆ తతంగమును నడుమ కోఁత లేకుండఁ జిత్రించెను. ఆ వ్రాత డిలన్‌దియు, ఆయన మిత్రులు గిన్స్‌బర్గ్, డోనవన్, న్యూవర్త్‌లదియు. అందు పాటలోని మాటలన్నియు లేవు, ఉన్నవానిలోఁ గొన్ని బుద్ధిపూర్వకముగాఁ జేసిన తప్పులు. మన ప్రూఫురీడరు కంటఁ బడినచో ఆ అట్టలన్నియు ఎఱ్ఱసిరాలో మునిఁగియుండెడివి! అయినను ఆ గొంతులోని వడియు వెక్కిరింతయు ఆ తొందరవ్రాతకు దక్కినట్లు ఏ చక్కని అచ్చుకును దక్కవని నా నిశ్చయము. 1981 లో ఆరంభమైన ఎం.టి.వి. తెరమూల పాటపేరును, గాయకునిపేరును చూపుటకు వాడిన కాబెల్ అను జర్మను అచ్చు, 1927 లో రుడాల్ఫ్ కోఖ్ తీర్చినది, ముచ్చటైనదే; కాని అది గుమ్మమునకుఁ గట్టిన పేరుబల్ల, ఇంటిలోని మాట గాదు.

మనకు బాపు చేతివ్రాతయే ఫాంటై నిలిచినది. సినిమాహాలు వాకిట అమ్మిన పాటలపుస్తకములు తెలుఁగులిపిలోనే యుండెడివి. అట్టి మన పాట నేఁడు పెక్కు వీడియోలలో రోమనులిపిని దాల్చి, 'ళ'కును 'ల'కును, 'ణ'కును 'న'కును భేదము తెలియకుండఁ బోవుచున్నది. తెలుఁగులిపిని వాడినచోటను చిక్కు తప్పదు: మన గుడులు పైకెక్కును, ఒత్తులు క్రిందికి దిగును. రోమనుపంక్తికిఁ గొలిచిన యెడములో అవి యొకదానినొకటి ఒరసికొనును. వీడియోలు కూర్చు నాయనలారా, పంక్తుల నడుమ ఒత్తులకుఁ గొంత చోటు విడిచి, తెలుఁగుపాటను తెలుఁగులోఁ జూపుఁడు.