అడిగిన ఉత్తరము, అడుగని ఉత్తరము

తన సరకును గూర్చిన కబురు కొనువాని కంటబడునట్లు చేయుట వర్తకునకు మిక్కిలి పాత చింత. పూర్వము దండోరా వేయువాడు వీధి మొగలో నిలిచి డప్పు కొట్టెడివాడు. ఆ కబురు ఊరందరిదే గాని ఏ ఒక్కరిదియు గాదు. పేరు వ్రాసి, గడప దాటి లోనికి వచ్చు కబురు టపాతో వచ్చినది.

మన దేశమున 1854లో, దూరముతో నిమిత్తము లేక తూకమును బట్టి టపా రుసుము ఏర్పడినది. 1877లో వి.పి.పి. పద్ధతి వచ్చెను. కట్ట ఇంటికి వచ్చిన పిదపనే పైకము చెల్లింపవచ్చును. విజయవాడ ప్రచురణకర్తలు పుస్తకముల జాబితాలను దూరపు పల్లెలకు టపాలో పంపి, కోరిన పుస్తకములను ఈ మార్గముననే అందజేసిరి. జాబితా పంపుటకు ప్రతిసారియు బిళ్ల అంటింపవలెను. కావున ఎవరికి పంపవలెనో వర్తకుడు ఆలోచించెడివాడు. ఆ ఖర్చే పాఠకునకు రక్షణ.

కృష్ణా జిల్లా ఎలకుర్రున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. సంగీత సభలలో ఆ మందును ఉచితముగా పంచి జనులకు పరిచయము చేసిరి. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. ముందు మేలు చేసి, పిదప కొనుమని కోరుట వారి పద్ధతి. వాడి చూచినవానికి ప్రకటన పరాయి మాటగా తోచదు.

మా విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967లో బొంబాయి ప్రాంతమున మొదలైనవి. మేము ఎంత పలికినను, శ్రోత మీట త్రిప్పినచో మా మాట ఆగిపోవును. ఆ అధికారము శ్రోతదే.

ఈమెయిల్ వచ్చుటతో బిళ్ల ఖర్చు పోయినది. 1978లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ ఉద్యోగి గ్యారీ థర్క్, కంప్యూటర్ల ప్రకటన నొకదానిని సుమారు 400 మందికి ఒక్కమారే పంపెను. అడుగని ఉత్తరములకు ఇదియే ఆదిగా చెప్పుదురు. పదిమందికి పంపినను పదిలక్షలమందికి పంపినను ఖర్చులో పెద్ద తేడా లేనప్పుడు, వర్తకునితోపాటు మోసగాడును అదే వాకిట నిలిచెను. అప్పుడు ద్వారపాలకుడు అవసరమయ్యెను. ఉత్తరములోని మాటలను లెక్కించి మంచి చెడ్డలు తేల్చు పద్ధతిని 2002లో పాల్ గ్రాహం ప్రచారమునకు తెచ్చెను. 2013లో జీమెయిల్ ఉత్తరములను అరలుగా విడదీసి, ఆత్మీయుల జాబులను ‘ప్రైమరీ’ యందును, వర్తకుల కబుళ్లను ‘ప్రమోషన్స్’ యందును ఉంచసాగెను.

2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు నిబంధనలను బిగించినవి. జీమెయిల్ ఖాతాలకు రోజునకు 5,000కు పైగా ఉత్తరములు పంపువారు మూడు గుర్తులు చూపవలెను. తన పేర ఉత్తరములు పంప హక్కుగల యంత్రముల జాబితా ఎస్.పి.ఎఫ్.; దారిలో ఉత్తరము మారలేదని తెలుపు సంతకము డి.కె.ఐ.ఎం.; ఇవి సరిపడనిచో ఏమి చేయవలెనో తెలుపు ఆజ్ఞ డీమార్క్. ఇక చాలునన్న పాఠకుడు ఒక్క నొక్కుతో విడివడు వీలుండవలెను. ‘ఇది స్పామ్’ అను ఫిర్యాదులు నూటికి 0.3ను చేరరాదు.

ఏలూరు రోడ్డు పుస్తకశాలవారు, కోరి పేరిచ్చిన పాఠకులకు క్రొత్త పుస్తకముల జాబితా పంపిరనుకొందము. గుర్తులు లేనిచో అది మోసగాని జాబుతో కలిసి చెత్తబుట్టలో పడవచ్చును. పాఠకునకు పుస్తకము తెలియదు. ప్రచురణకర్తకు ప్రతి అమ్ముడుపోదు. తప్పు చేసినది వేరొకడు, నష్టపడినది వీరు.

గుర్తులన్నియు ఉన్నను ప్రధానమైన అర దొరకునన్న హామీ లేదు. పాఠకుడు తెరచుచున్నాడా, బదులు వ్రాయుచున్నాడా, తానే ఆ అరలోనికి మార్చినాడా అనునవి ద్వారపాలకుడు గమనించును. కావున అడిగినవారికే పంపుట, ఎప్పుడును ఒకే పేరుతో పంపుట, చిరకాలము తెరువనివారిని జాబితానుండి తొలగించుట, శీర్షికలో చెప్పినదే లోపల చెప్పుట మేలు. కొనిన పేర్ల జాబితాకు పంపినచో ఫిర్యాదులు పెరిగి, నిజముగా కోరినవారికి సైతము ఉత్తరము చేరకుండపోవును.

టపా కాలమున బిళ్ల చేసిన పనిని నేడు నమ్మకము చేయుచున్నది. బిళ్లను కొనవచ్చును, నమ్మకమును మాత్రము ఉత్తరము వెంట ఉత్తరముగా సంపాదించుకొనవలసినదే.